సింహం నోరు మూసుకున్న వైనం

కచేరీలకు అలవాటుపడ్డ నా చెవికి ఆపెరా ఓ పట్టాన ఎక్కదు. అయినా టిట్టా రఫో వేరు. పీజాలో 1877లో పుట్టి, కుర్రతనంలో తండ్రి దగ్గర ఇనుప పని చేసినవాడు. రోము సంగీత విద్యాలయం వారు పనికిరాడని పంపేశారట! 1898లో వేదిక ఎక్కాడు. మరీ మంద్రమూ కాదు, తారమూ కాదు, నడిమి గొంతు. దాన్నే బారిటోన్ అంటారు. జనం సింహమన్నారు. 1914లో కరూసోతో పాడిన ‘ఒథెల్లో’ రికార్డు వినండి, ఆ మాట అబద్ధం కాదు.

అతని చెల్లెలి భర్త మత్తెయోత్తి. పార్లమెంటులో ఫాసిస్టుల దౌర్జన్యాన్ని ఎండగట్టాడు. 1924 జూన్‌లో అతన్ని ఎత్తుకుపోయి చంపారు. ఆ తర్వాత రఫో స్వదేశపు వేదికలకు దూరమయ్యాడు. అంతటి గొంతు పెట్టుకుని సొంతగడ్డ మీద పాడకుండా ఉండడం మాటలా? 1937లో రోములో అరెస్టు చేశారు, పాస్‌పోర్టు లాక్కున్నారు. 1953లో ఫ్లారెన్సులో పోయాడు, ఫాసిస్టుల పతనం కళ్ళారా చూసే పోయాడు.