తాడుతో సహా

మా పడసాల గోడకు పదమూడు పాతాళగరిగెలు వేలాడుతుంటాయి. కొత్తగా ఇంటికొచ్చినవాళ్లు మొదట వాటిని చూస్తారు, తర్వాత నన్ను అనుమానంగా చూస్తారు. కుర్రవాళ్లయితే "ఇవన్నీ ఏంటికి సార్?" అని అడిగేస్తారు. యాభై దాటినవాళ్లు అడగరు. దగ్గరికెళ్లి ఒక కొక్కేన్ని వేలితో అట్లా కదిపి, "మా అవ్వోళ్లింట్లో ఉండేది" అంటారు. ఆ తర్వాత ఇక కాఫీ చల్లారేదాకా బావి కబుర్లే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. చేదబావిలో నీళ్లు చేదేటప్పుడు తాడు తెగో, ముడి జారో బొక్కెన లోపల పడిపోతే దాన్ని పైకి తెచ్చే ఇనప సాధనం పాతాళగరిగె. పైన ఒక కడియం. దానికి గుత్తిగా ఏడో తొమ్మిదో కొక్కేలు. కొన్నింటికి నడుమ చిన్న గొలుసులు కూడా ఉంటాయి. సరిహద్దు దాటి కన్నడంలోకి పోతే పాతాళగరడి, తమిళంలోకి పోతే పాతాళకరండి. భాష మారినా పాతాళం మాత్రం మారలేదు.

ఈ సంక్రాంతికి మా మేనల్లుడు బెంగళూరు నుంచి వచ్చాడు. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుంటాడు, శని ఆదివారాలు రామనగర గుట్టల మీదో, హంపి బండల మీదో, బాదామి దగ్గరో వేలాడుతుంటాడు. వాళ్లమ్మకు వాడి పెళ్లి బెంగ. నాకు మాత్రం వాడి సంచి మీద ఆసక్తి. ఎందుకంటే వాడికీ నా పిచ్చే ఉంది, ఇనుము రకం వేరు. వాడు పాత కారబైనర్లు సేకరిస్తాడు.

కారబైనర్ అంటే కొండలెక్కేవాళ్లు తాడును బండలో దిగ్గొట్టిన మేకుకో, నడుం పట్టీకో తగిలించుకునే లోహపు కడియం. ఒక పక్క స్ప్రింగు తలుపు ఉంటుంది. నొక్కితే తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మన మాలావత్ పూర్ణ భువనగిరి గుట్ట మీద తొలి పాఠాలు నేర్చుకుందని చదివినప్పుడు, ఫొటోల్లో ఆ పిల్ల నడుముకు వరసగా తగిలించి కనిపించినవి ఇవే.

వాడు చాప మీద పాతిక దాకా పరిచాడు. "చూడు మామా, పాతదాన్ని ఎట్ల పట్టాలో చెప్తా" అని జేబులోంచి అయస్కాంతం ముక్క తీశాడు. అతుక్కుంటే ఉక్కు, లేకపోతే అల్యూమినియం. మొదట వచ్చినవన్నీ ఉక్కువే. 1910 ప్రాంతంలో మ్యూనిక్ కొండలెక్కేవాడు ఓటో హెర్జోగ్, అక్కడి అగ్నిమాపక సిబ్బంది నడుముకు ఉన్న కొక్కేలను చూసి, ఇవి మనకూ పనికొస్తాయే అనుకున్నాడట. అంతకుముందు ఆ కొక్కెం గుర్రపు సైనికులది. కార్బైన్ తుపాకిని పట్టీకి తగిలించుకునేవాళ్లు గనుక ఆ పేరు. తుపాకి పోయి తాడు వచ్చింది.

తర్వాత ముద్ర చూడాలట. ఎంత బరువు మోస్తుందో కిలోల్లో చెక్కి ఉంటే పాతది, కిలోన్యూటన్లలో ఉంటే ఆ తర్వాతది, ఏమీ లేకపోతే ఇంకా పాతది కావచ్చు, లేదా ఎవడో పెరట్లో చేసుకున్నది కావచ్చు. ఒకదాని మీద షూనార్డ్ అని పేరుంది. దాన్ని వాడు అరచేతిలో పెట్టుకుని, ఉంగరం చూపించినట్టు చూపించాడు. 1957లో ఇవాన్ షూనార్డ్ అనే అమెరికా కుర్రవాడు పాతసామాన్ల అంగట్లో ఒక బొగ్గుల కొలిమి, 138 పౌన్ల దాగలి, పట్టకార్లు, సుత్తెలు కొనుక్కుని, తనకు తానే కమ్మరం నేర్చుకుని బండ మేకులు సాగగొట్టాడు. ఆ తర్వాత అల్యూమినియం కారబైనర్లు చేశాడు. 1989లో ఆ కొండ సామాన్ల కంపెనీ దివాలా తీస్తే అందులో పనిచేసినవాళ్లే కొనుక్కుని బ్లాక్ డైమండ్ అని పేరు మార్చారు. కాబట్టి షూనార్డ్ ముద్ర ఉంటే అది ఆ లోపలిదే.

కొలిమి, దాగలి అనేసరికి నా ప్రాణం లేచొచ్చింది. వాణ్ని గోడ దగ్గరికి లాక్కెళ్లాను.

"నీ షూనార్డ్ పేరు చెక్కుకున్నాడు. మావాళ్లలో ఒక్కడూ చెక్కలేదు" అన్నాను. అప్పటికి ఉన్న నా పద్నాలుగింటిలో దేనిమీదా పేరు లేదు, తేదీ లేదు, ఊరు లేదు. అయినా పోల్చుకోవచ్చు. కడియం అతుకు దగ్గర చూడాలి. పాతకాలం కమ్మరి రెండు కొసలనూ తెల్లగా మెరిసేదాకా కాల్చి, ఒకదాని మీద ఒకటి పెట్టి సమ్మెటతో కలిపేస్తాడు. అక్కడ ఇనుము కాస్త ఉబ్బి, సుత్తి దెబ్బల పలకలు కనిపిస్తాయి. వెల్డింగ్ చేసిందయితే చీమిడి కారినట్టు గడ్డ కట్టి ఉంటుంది. కొక్కెం కొస కూడా చూడాలి. పాతవి ఎద్దు కొమ్ములాగా సన్నబడుతూ పోతాయి, కొత్తవి కోసినచోట కోసినట్టే మొండిగా ఉంటాయి. కొందరు కమ్మర్లు కాడను ఒకటి రెండు మెలికలు తిప్పేవాళ్లు. దానివల్ల బొక్కెన ఏమీ ఎక్కువ రాదు. చెయ్యి ఊరుకోక తిప్పి ఉంటారు.

చివరగా అరుగుదల. తాడు కట్టే కడియం లోపలి అంచు మీద వేలు పెట్టి తడమాలి. వాడు తడిమి, "మామా, నా వాటికీ ఇట్లనే తాడు గాడి పడుతుంది" అని తన సంచిలోంచి ఒక ముసలి కారబైనర్ తీసి పక్కన పెట్టాడు. నిజమే. రెండింటికీ ఒకేలాంటి నున్నటి పల్లం.

ఇక్కడ నా పరువు తీసే సంగతి కూడా చెప్పాలి. అయిదేళ్ల కిందట ఒక అంగట్లో ఒకాయన నాకు రెండొందల ఏళ్ల పాతాళగరిగె అమ్మాడు. సంస్థానం కాలంది అన్నాడు. తుప్పు చూసి నమ్మాను. ఇంటికొచ్చి కిరసనాయిలుతో తోమితే తుప్పు కింద నుంచి మెలికల గీతలు బయటపడ్డాయి. మిద్దె స్లాబుకు వాడే కమ్మీ! ఉప్పు నీళ్లలో నానబెట్టి తుప్పు పట్టించాడు మహానుభావుడు. అది కూడా గోడ మీదే ఉండేది, పద్నాలుగోది.

గుత్తి, తాడిపత్రి, ధర్మవరం, హిందూపురం పాత ఇనప అంగళ్లన్నీ తిరిగి తెచ్చినవి పన్నెండు. మొదటిది మాత్రం కొన్నది కాదు, కళ్యాణదుర్గం దగ్గరి మా అవ్వ ఊరి నుంచి వచ్చింది. వీధి మొత్తానికి ఆ ఒక్కటే ఉండేది. ఎవరి బొక్కెన పడినా పిల్లవాడు పరుగెత్తుకొచ్చేవాడు. మా అవ్వ ఊరికే ఇచ్చేది కాదు. ఒక ఇత్తడి చెంబు తెచ్చి తాకట్టు పెట్టాలి. బొక్కెన కోసం వేసిన గరిగె కూడా బావిలోనే ఉండిపోయిన సందర్భాలున్నాయి మరి. పొద్దుగూకాక మాత్రం ఇనుము చేతికిచ్చేది కాదు, చెంబు బంగారుదైనా సరే.

గరిగె వేయడం అందరికీ రాదు. నేలకు తగిలేదాకా దించి, తాడును రెండు వేళ్ల మధ్య పట్టుకుని, బావి చుట్టూ నడుస్తూ మెల్లగా ఈడ్చాలి. రాయి తగిలితే తాడు టక్కుమంటుంది, బురదయితే మెత్తగా బరువెక్కుతుంది, బొక్కెన కాడ తగిలితే చేతికి చిన్న వణుకు వస్తుంది. కాడ ఉన్న బొక్కెన సులువు. బోర్లా పడిన బిందె అంత సులువుగా చిక్కదు. కొక్కేలు దాని నున్నటి కడుపు మీద జారిపోతుంటాయి. మా అవ్వ కళ్లు మూసుకుని వేసేది. ఒకసారి బొక్కెన కోసం వేస్తే ఎప్పుడో పోయిన లోటా వచ్చింది. దాని సొంతదారు చనిపోయి అప్పటికి రెండేళ్లు.

ఆ గరిగె తాడు నా దగ్గర ఇప్పటికీ ఉంది. మేనల్లుడు ఇనుమంతా చూసి అయ్యాక దాన్ని కిందికి దించి పరిచాను. కొస వాకిలి దాటి వీధిలోకి పోయింది. వాడికి కొలవమని చెప్పాను. కడియం దగ్గర మొదటి ముక్క కిత్తనార తాడు, ఆరు బారలు. నేను పుట్టకముందే పేనింది. తర్వాత ముడి. అక్కడి నుంచి కొబ్బరితాడు నాలుగు బారలు, అది కట్టినప్పుడు నేను బళ్లో చదువుతున్నాను. మళ్లీ ముడి. ఆ పైన నీలం రంగు నైలాన్ తాడు అయిదు బారలు. మొత్తం పదిహేను బారలు, తొంభై అడుగుల దాకా.

వాడు ముడుల మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. కొండ తాళ్ల ముడులు తెలిసినవాడు కదా, ఏ ముడి ఎవరు వేశారని అడిగాడు. కడియానికి వేసింది మా తాత, కొబ్బరితాడు కట్టింది మా నాయన. నీలం తాడు కట్టింది నేనే.

తాడు ఎందుకు పెరుగుతూ పోయిందంటే, మా నేల కింద ఉన్నది గట్టి రాయి. పైన కొన్ని నిలువుల మేర చివికిన రాయి ఉంటుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే, ఇంకిన కాసిని నీళ్లు ఆ పొరలోనూ, దాని కింది పగుళ్లలోనూ నిలుస్తాయి. చేదబావులు ఆ పై పొర మీద బతికాయి. 1980ల తర్వాత బోర్లు ఆ పగుళ్లలోకి దిగాయి. వేరుశనక్కు, చీనీ తోటలకు నీళ్లు కావాలి గదా. కిందిది లాగితే పైది ఖాళీ అవుతుంది. బోర్లు వందల అడుగులు పోయాయి, కొన్నిచోట్ల వెయ్యి దాటాయి. 1990ల నడుమ సత్యసాయి ట్రస్టు వేయించిన నీళ్ల పైపులు వచ్చి కుళాయి పెట్టాక, తాగునీళ్ల కోసమైనా బావి మొహం చూసే పని తప్పింది. మా అవ్వ ఊరి బావిలో ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లున్నాయి. వాటిని తియ్యడానికి గరిగె పనికిరాదు.

నేను నీలం తాడు కట్టిన ఏడాది గరిగె కిందికి పోయింది గానీ తడవలేదు. అడుగున రాయి తగిలిన చప్పుడు పైదాకా వినిపించింది.

మేనల్లుడు తన పాత కారబైనర్లను ఎప్పుడూ కొండకు తీసుకుపోడు. ఎన్ని పాట్లు పడిందో తెలియని లోహానికి ప్రాణం అప్పగించకూడదని వాళ్ల నియమం. నా గరిగెలు ఇప్పుడు దించినా అరడజను బొక్కెనలు పైకి తేగలవు, అంత గట్టిగా ఉన్నాయి. వెళ్లేముందు వాడు, "ఒకటిస్తావా మామా, నా గోడకు" అన్నాడు. ఇచ్చాను. రెండొందల ఏళ్ల సంస్థానంది.

ఒక విన్నపం. పాత ఇనప అంగళ్లలో దొరికే గరిగెలకు తాడు ఉండదు. అంగడివాడు తూకం వేసేముందు తాడు కోసి పారేస్తాడు, తాడుకు ధర లేదు గదా. నా గోడ మీద పన్నెండింటికి అందుకే తాళ్లు లేవు. మీ అటక మీద పాతాళగరిగె ఉంటే అమ్ముకోండి, కాదనను. తాడు మాత్రం కొయ్యనియ్యకండి. ఆ ముడులు ఎక్కడెక్కడ పడ్డాయో బారలతో కొలిచి, ఏ ముడి ఎవరు వేశారో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, ఒక కాగితం మీద రాసి దానికే కట్టి ఉంచండి.