తాతయ్య ఇంటి బీట, నా లైసెన్సు పరీక్ష

"ఆర్కిటెక్టువి అయిపోయావు కదే, మళ్ళీ ఈ పరీక్షేంటి?" అని మా చిన్నత్త ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది. ఆవిడకే కాదు, క్యాంపులో అందరికీ ఇదే సందేహం. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తే పనైపోతుందని కూర్చున్నాను. మొదలుపెట్టాక చూస్తే పరీక్ష కంటే తాతయ్య ఇంటి గురించే ఎక్కువ వస్తోంది. రానివ్వండి. ఆ రెండూ నా బుర్రలో ఎప్పుడో కలిసిపోయాయి.

మన దేశంలో ఐదేళ్ళ బి.ఆర్క్ చదివి, 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదు చేయించుకుంటే ఆర్కిటెక్టు అని బోర్డు పెట్టుకోవచ్చు. ఆ చట్టం కాపాడేది ఆ పేరునే, ఆ పనిని మిగతావాళ్ళు చెయ్యకూడదని కాదు అని 2020లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అమెరికాలో అలా కాదు. ఏ రాష్ట్రంలో పనిచేస్తే ఆ రాష్ట్రం లైసెన్సు ఇవ్వాలి. దానికి చదువు కాక 3,740 గంటల అనుభవం లెక్క చూపించాలి, ఆరు పేపర్ల పరీక్ష రాయాలి. డల్లాస్‌లో మా ఆఫీసువాళ్ళు నన్ను డిజైనర్ అంటారు. ఆర్కిటెక్టు అని నేను చెప్పుకుంటే తప్పు.

ఆరింట్లో నాలుగు అయ్యాయి. ఐదోది, అంటే గోడలు, కప్పులు, నేల, నీరు, వేడి గురించి అడిగే పేపరు, పోయిన నవంబరులో తప్పాను. తప్పితే కనీసం 60 రోజులు ఆగాలి. లోపల ఏమడిగారో బయట చెప్పనని సంతకం పెట్టాం కాబట్టి ప్రశ్నలు అడక్కండి. చదివింది మాత్రం చెప్తాను.

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయింది. ఎడమ కాలువ నీళ్ళు సింధనూరు వైపు వస్తున్నాయని తెలిసి 1950ల చివర్లో తాతయ్య పశ్చిమ గోదావరిలో ఉన్న కాస్తా అమ్మి ఇటొచ్చారు. రాయచూరు అప్పుడే హైదరాబాద్ రాష్ట్రం నుంచి మైసూరులోకి మారింది. పొలం గట్టున గుడిసెలు వేసుకుంటే అదే క్యాంపు అయింది. పదేళ్ళు గుడిసెలో ఉండి, 1969లో ఇల్లు కట్టారు. ఆయన కట్టింది గోదావరి ఇల్లు: ముందు వసారా, పెద్ద కిటికీలు, మంగుళూరు పెంకు. పక్క ఊళ్ళో కన్నడవాళ్ళ ఇళ్ళు చూస్తే రెండడుగుల రాతి గోడలు, పైన మట్టి మిద్దె, గోడకి అంతెత్తున చిన్న గవాక్షం. "ఆ చీకటి కొట్టుల్లో ఎలా ఉంటారో" అనేదట నాయనమ్మ. మే నెల మధ్యాహ్నాలు మాత్రం ఆవిడే బియ్యం చేట పట్టుకుని వెళ్ళి ఆ చీకటి కొట్టులో కూర్చునేది.

దీన్ని నా పుస్తకంలో ఒక అధ్యాయం చేశారు. మందపాటి మట్టి గోడలోంచి వేడి లోపలికి రావడానికి ఎనిమిది పది గంటలు పడుతుంది. పగటి ఎండ రాత్రికి గానీ ఇంట్లోకి రాదు, అప్పటికి బయట చల్లబడుతుంది, అందరూ మిద్దె మీద పడుకుంటారు. గోదావరిలో చెమట ఆరాలంటే గాలి కావాలి, అందుకే పెద్ద కిటికీలు. 40 డిగ్రీలు దాటే ఈ ఊళ్ళో అదే కిటికీలోంచి వచ్చేది వడగాలి. తాతయ్య తనకు తెలిసిన గాలికి కిటికీ పెట్టుకున్నారు, అంతే.

గాలి సంగతి వదిలేయండి, అసలు గొడవ నేలతో. మా నల్లరేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమన్ను ఉంటుంది. తడిస్తే దాని పొరల మధ్యకి నీరు దూరి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. మీది ఏ క్యాంపయినా ఇది చూసే ఉంటారు. "కాలవ వదిలినట్టున్నారు, దేవుడి గది తలుపు బిగిసింది" అనేది నాయనమ్మ. మేం నవ్వేవాళ్ళం. కొయ్య ఉబ్బిందనుకుని నాన్న చిత్రిక పట్టేవారు. వేసవికి అదే తలుపు వదులైపోయేది. ఉబ్బింది కొయ్యొక్కటే కాదని, కింద నేల లేస్తే గుమ్మం చట్రమే పక్కకి ఒరుగుతుందని నాకు పాతికేళ్ళ తర్వాత డల్లాస్‌లో తెలిసింది.

డల్లాస్ కింద కూడా నల్లరేగడే ఉంది. టెక్సాస్ రాష్ట్ర మట్టిగా ఎంచుకున్న హ్యూస్టన్ బ్లాక్ మన నేలకి చుట్టం. ఇక్కడ వేసవిలో పునాది చుట్టూ చిల్లుల గొట్టం వేసి నీళ్ళు వదులుతారు, నేల ఎండి ఇల్లు దిగకుండా. మొదటి ఏడు మొక్కలకి అనుకున్నాను. "ఇక్కడ ఇళ్ళకి నీళ్ళు పెడతారు నాన్నా" అంటే, "ఇంటికా? వరికా?" అన్నారు.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను. 2024 వేసవిలో నాన్న వాట్సాప్‌లో ఒక ఫొటో పంపారు. పాత ఇంటికి 1996లో కలిపిన స్లాబు గది దగ్గర, రెండు గోడలు కలిసే చోట నిలువునా బీట. నేను అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి చదువుకుంటున్నాను. ఫొటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసి, "పాత గోడ, కొత్త గోడ అతికిన చోట ఇది మామూలే, చికెన్ మెష్ కొట్టి సిమెంటు పూయించండి" అన్నాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నాన్న 18 వేలు పెట్టి చేయించారు. నవంబరుకి మెష్ పక్కనుంచే ఇంకో బీట వచ్చింది. కింద సన్నగా, పైకి వెళ్ళేకొద్దీ వేలు పట్టేంత. బాబాయ్ "పడగొట్టి డూప్లెక్స్ కట్టేద్దాం" అని పట్టుపట్టాడు. "అమ్మాయి ఏమంటే అదే" అన్నారు నాన్న. అదే వారం నా ఫలితం కూడా వచ్చింది.

వృత్తి నిర్వహణ పేపరులో ఒక కొలత ఉంటుంది. ఆర్కిటెక్టు తప్పు చేశాడా లేదా అని తేల్చాలంటే, అదే కాలంలో, అదే చోట, అదే పరిస్థితుల్లో జాగ్రత్త గల మరో ఆర్కిటెక్టు ఏం చేసేవాడో చూస్తారు. జాగ్రత్త గలవాడెవడూ ఫొటో చూసి మందు రాయడు. ఆ పేపరు నేను మొదటిసారికే పాసయ్యాను. అదీ సంగతి.

జనవరిలో పన్నెండు రోజులు సెలవు పెట్టి వెళ్ళాను. పక్క ఊరి పెద్ద మేస్త్రిని పిలిపించాం, డెబ్భై దాటిన మనిషి. నేను బీట చూపించబోతే ఆయన గోడ వంక చూడనే లేదు. "నీరు ఎల్లి హోగ్తావ నోడ్రి" అన్నారు. ముందు నీళ్ళెటు పోతున్నాయో చూడమని. ఇల్లు చుట్టూ నడిచి బాత్రూము వెనక ఆగి, కాలితో మట్టి గీరారు. వానలు లేని జనవరిలో అక్కడ మట్టి పచ్చిగా ఉంది. తవ్విస్తే గొట్టం అతుకు ఎప్పుడో విరిగిపోయి ఉంది. రెండో పక్క నాయనమ్మ వేసిన వేపచెట్టు, దాని కింద నేల ఎండిపోయి రాయిలా ఉంది. ఒక పక్క నేల ఎప్పుడూ ఉబ్బి, ఇంకో పక్క ఎప్పుడూ కుంగి, ఇల్లు మధ్యలో విరుగుతోంది.

ఇంకో గొయ్యి తీశాం. తాతయ్య పునాది నాలుగడుగులు దిగింది. 1996 గది పునాది రెండడుగులు కూడా లేదు. నాన్న గొయ్యిలోకి చాలాసేపు చూశారు. "ఆ ఏడు పంట పోయింది" అన్నారు. నేనేం మాట్లాడలేదు. నల్లరేగడికి కింద గొడుగులా విచ్చుకునే పైల్ పునాదుల్ని రూర్కీ పరిశోధన సంస్థవాళ్ళు అంతకు ఎంతో ముందే తయారుచేశారు. అది పుస్తకాల్లో ఉంది. మా క్యాంపులో అప్పట్లో అందరూ రెండడుగులే తీశారు. అదే కాలం, అదే చోటు అన్న మాట నాకప్పుడు గుర్తొచ్చింది, కానీ ఆ గొయ్యి దగ్గర చెప్పే మాట కాదది.

చేసిన పని ఇది. బాత్రూము గొట్టం మార్చి, నీళ్ళు పునాదికి దూరంగా వదిలాం. ఇంటి చుట్టూ నాలుగడుగుల వెడల్పున నల్లమట్టి తీయించి మొరం పోసి దిమ్మిస కొట్టి, బయటికి వాలుగా గచ్చు చేయించాం. మొరం ఎందుకంటే అది నీటికి ఉబ్బదు. మన కర్ణాటకలో మలప్రభ కాలువలు ఇదే నేలలో బద్దలవుతుంటే, ఐఐటీ బొంబాయి ప్రొఫెసర్ ఆర్.కె. కట్టి గారు ఉబ్బని మట్టి పొర వేసి నిలబెట్టారు. మేస్త్రిగారికి చెప్తే, "మా తాత కూడా మొరమే పోసేవాడు" అన్నారు. పాత గదికీ కొత్త గదికీ మధ్య గోడని పైనుంచి కిందికి కోయించి సందు వదిలాం, ఎవరి పునాది మీద వాళ్ళు కదలనీ అని. దీనికి బాబాయ్ "గోడ కోయడానికా అమెరికా నుంచి వచ్చావు" అన్నాడు.

నేను పూయించిన సిమెంటు కూడా గీకించాం. రాయి, మట్టితో కట్టిన గోడ లోపలి చెమ్మ బయటికి ఆరాలి. సిమెంటు పూస్తే అది లోపలే ఉండిపోతుంది. గోడలో చెమ్మ ఎటు పోతుందన్నదే నేను తప్పిన పేపరుకి ప్రాణం, మన ఇంటికి మాత్రం తిరగేసి చెప్పాను. మళ్ళీ సున్నమే పూయించాం. సున్నమంటే చిన్నచూపు వద్దు. తుంగభద్ర ఆనకట్ట నిలబడింది సున్నం, ఇటుక పొడి కలిపిన సుర్ఖీ మీదే. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయి క్యాంపులన్నీ నిద్ర మానుకున్నప్పుడు కూడా తెగింది గొలుసు, కదలనిది ఆ రాతి కట్టడం.

వచ్చేముందు బీటల మీద అడ్డంగా నాలుగు గాజు ముక్కలు అతికించి తేదీ రాశాను. గోడ కదిలితే గాజు పగులుతుంది. ప్రతి నెల ఒకటో తారీఖున నాన్న ఫొటో పంపుతారు, పక్కన కన్నడ అంకెల్లో తేదీ రాసి. ఈ మే నెలలో వేప వైపు గాజు పగిలింది. మిగతా మూడూ ఉన్నాయి. చెట్టు కొట్టేయమని బాబాయ్ అంటున్నాడు. ఒక్కసారిగా కొట్టేస్తే, వేళ్ళు తాగే నీరు నేలలోనే ఉండిపోయి అక్కడ మళ్ళీ ఉబ్బుతుంది. చెట్టుకీ గోడకీ మధ్య లోతుగా ఒక అడ్డుగోడ దింపొచ్చేమో. వెళ్ళి చూడకుండా ఈసారి చెప్పను.

కాలవ వదిలారట మొన్న. దేవుడి గది తలుపు ఎలా ఉందని అడిగాను. "కొంచెం పడుతోంది" అన్నారు నాన్న.

చిన్నత్తా, పరీక్ష వచ్చే నెల తొమ్మిదిన. ఆ రోజు మాత్రం ఫోన్ చెయ్యకు.