శివారు దాకా స్వరాజ్యం

మహాబలేశ్వరం కొండల్లో పుట్టిన కృష్ణ సముద్రంలో కలిసేలోపు 1,400 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. అందులో చివరి వంద కిలోమీటర్లే నాకు బాగా తెలుసు. ఎగువ కృష్ణను రైలు కిటికీలోంచి చూశానే తప్ప దాని ఒడ్డున బతకలేదు. అందుకే ఆలమట్టినీ శ్రీశైలాన్నీ నాగార్జునసాగర్‌నూ పేరు చెప్పి దాటేస్తున్నాను. నాగాయలంకలో పెరిగినవాడికి నది బెజవాడలోనే మొదలవుతుంది. మా కాలువకు నీళ్లు వదిలేదీ కట్టేసేదీ అక్కడే.

బెజవాడ పాత ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. దాని వెనక 1833 నాటి డొక్కల కరువు ఉంది. గుంటూరు సీమలో లక్షకు పైగా జనం తిండిలేక చచ్చిపోయారు. బతికినవాళ్లు శిస్తు కట్టలేకపోయారు. కుంఫిణీవారి ఖజానా ఎండిపోయాక గానీ పారుదల సంగతి పైవాళ్ల చెవికెక్కలేదు. ఆర్థర్ కాటన్ పట్టుబట్టాడు, కెప్టెన్ ఓర్ కట్టించాడు. కాటన్ దొరకు మొక్కే రైతును నేను తప్పుపట్టను, ఆ నీళ్లు తాగి పెరిగినవాణ్ణే. కానీ నీళ్లతోపాటే నీటి తీరువా వచ్చింది, దాన్ని వసూలు చేసే అధికారులు వచ్చారు. అంతకుముందు ఏ ఊరి కష్టం ఆ ఊరిదే. వాన పడకపోతే వరుణదేవుణ్ణి తిట్టుకునేవాళ్లు. కాలువలు పడ్డాక తలాపునున్న రైతుకూ శివారు రైతుకూ ఎదుట నిలబడ్డ ప్రభువు ఒక్కడే అయ్యాడు. తీరువా పెరిగితే డెల్టా అంతటికీ పెరుగుతుంది, లాకు మూస్తే అందరికీ మూసుకుపోతుంది. ఈ సీమలో తెల్లదొరతనాన్ని ఎదిరించిన కథకు నాకు కనిపించే మొదలు ఇదే: కాలువ ఒకటి కావడంతో జనం గోడు కూడా ఒకటయింది.

మొదట అడగడమే. 1892లో కృష్ణా జిల్లా మహాసభ గుంటూరులో కూడింది. అప్పటికి గుంటూరు కూడా కృష్ణా జిల్లాలోదే. వకీళ్లు, చదువుకున్న భూస్వాములు చేరి తీర్మానాలు రాసి దొరవారికి పంపుకున్నారు. వాటిలో తిరుగుబాటు లేదు. అయినా జిల్లా పేరిట మనుషులు ఒకచోట కూర్చోవడం నేర్చుకున్నారు. అది చిన్న సంగతి కాదు.

ఇక్కడ నదిని కాసేపు వదిలి బందరు కాలువ వెంట తూర్పుకు పోవాలి. రోడ్డు రాకముందు ధాన్యమూ మనుషులూ పడవల మీద పోయిన దారి అది. ఇంగ్లీషువాళ్లు 1611లో గ్లోబ్ అనే ఓడలో బందరు వచ్చి అద్దకం బట్టల కోసం కొట్టు పెట్టుకున్నారు. 1759లో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల చేతుల్లోంచి బందరు కోట పట్టుకున్నాడు. 1766లో నిజాముతో ఒప్పందం కుదిరి ఉత్తర సర్కారులు కుంఫిణీ పాలయ్యాయి. బట్టలు కొనడానికొచ్చినవాడు నేలకు యజమాని కావడానికి నూట యాభై అయిదేళ్లు పట్టింది. వాణ్ణి సాగనంపే మాట గట్టిగా వినిపించిందీ ఆ బందరులోనే.

1907లో బిపిన్ చంద్రపాల్ విశాఖపట్నం నుంచి కాకినాడ, రాజమండ్రి, బెజవాడ మీదుగా బందరు వచ్చాడు. ఆయన్ని ఆంధ్రదేశానికి రప్పించి వెంట తిరిగిన ముట్నూరి కృష్ణారావు మా దివి తాలూకా ముట్నూరువాడు. కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు 1902లో పెట్టిన కృష్ణాపత్రికను ఆయన 1907లోనే చేపట్టి 1945లో కన్నుమూసేదాకా నడిపాడు. ఆ పత్రిక డెల్టా పల్లెల్లో రచ్చబండల మీద చదువురానివాళ్లకు చదివి వినిపించేవాళ్లుండేవారని మా తాతయ్య చెప్పేవాడు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల నిలబెట్టారు. సర్కారు సాయం అక్కర్లేని బడి అది. పుస్తకాల చదువుతోపాటు నేత, వడ్రంగం, చిత్రలేఖనం నేర్పారు. కోపల్లె 1922లోనే పోయాడు. ఆయన పేరు ఈనాటి పిల్లలకు తెలియకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. గుడివాడ దగ్గర దొండపాడులో పుట్టి, దక్షిణాదిలో హిందీ ప్రచారాన్ని భుజాన వేసుకున్న మోటూరి సత్యనారాయణ ఆ కళాశాలలో చదివినవాడే. పట్టాభి 1923లో ఆంధ్రా బ్యాంకు కూడా బందరులోనే పెట్టాడు. పత్రిక, బడి, బ్యాంకు. దొరతనం ఉండగానే దానితో పనిలేకుండా బతకడానికి సాధన చేసిన ఊరు బందరు.

అదే బడిలో పనిచేసిన పింగళి వెంకయ్య భట్లపెనుమర్రువాడు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ కూడినప్పుడు గాంధీ చేతికి జెండా నమూనా ఇచ్చాడు. ఎరుపు, పచ్చ రంగులు ఆయన వేస్తే తెలుపు చేర్చమన్నాడు గాంధీ. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు కావాలని తీర్మానించిందీ ఆ సభే. దాంతో మహాసభల దశ అయిపోయింది. అడగడం మాని, కట్టం అనడం మొదలైంది. ఆ ఏడాదే చీరాల ప్రజలు మునిసిపాలిటీ పన్నుకు లొంగక ఇళ్లు వదిలి పాకల్లోకి పోయారు. వాళ్లను నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పుట్టింది అప్పట్లో మా జిల్లాలోదైన పెనుగంచిప్రోలులో. మరుసటి ఏడు ఏటికి ఆవలిగట్టున పెదనందిపాడు రైతులు శిస్తు కట్టం పొమ్మన్నారు.

1930లో ఉప్పు. సముద్రం పక్కన పుట్టినవాళ్లకు ఆ పోరాటం గురించి పుస్తకాలు చెప్పక్కర్లేదు. మద్రాసు రాజధానిలో ఉప్పు 1805 నుంచే కుంఫిణీ గుత్త సొత్తు. ఉప్పుటేరు ఒడ్డున ఎండకు నేల దానంతటదే తెల్లబడుతుంది. ఆ చౌడు గీకి నీళ్లలో కలిపి కాచుకుంటే నేరం. దేవుడు ఇంటి ముందు ఆరబోసినదాన్ని కొనుక్కు తినమన్న రాజ్యమని మా నాయనమ్మ ఇప్పటి సంగతిలా కోప్పడేది. పట్టాభి వలంటీర్లను వెంటబెట్టుకుని బందరు తీరానికి పోయి ఉప్పు చట్టం ఉల్లంఘించి జైలుకు పోయాడు. ఆ రోజుల్లోనే బందరు కోనేరు సెంటర్‌లో జెండా ఎత్తబోయిన తోట నరసయ్యనాయుణ్ణి పోలీసులు స్పృహ తప్పేదాకా లాఠీలతో కొట్టారు. ఆయన జెండా వదల్లేదు. ఆయన మల్లయోధుడు. ఒక్కణ్ణో ఇద్దర్నో తిరిగి కొట్టగలిగిన మనిషి చేతులు కట్టుకుని దెబ్బలు తిన్నాడు. బందరు వెళ్తే ఇప్పటికీ ఆ కూడలిలో కాసేపు నిలబడకుండా రాలేను.

మళ్లీ నది దగ్గరకు. బెజవాడ నుంచి కరకట్ట వెంట దిగుతుంటే తోట్లవల్లూరు, శ్రీకాకుళం ఆంధ్రమహావిష్ణువు గుడి, బౌద్ధుల ఘంటసాల. కట్టకు ఎడంగా ఉయ్యూరు దగ్గర కాటూరు, ఇంకా పైకి ఎలమర్రు ఉన్నాయి. వాటి గురించి చెప్పాలి. 1949లో, అంటే స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్లకు, కమ్యూనిస్టులకు ఆశ్రయమిచ్చారని సాయుధ పోలీసులు ఆ ఊళ్ల మీద పడి మగవాళ్లను బట్టలూడదీసి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. లాఠీ చేతులు మారినంత మాత్రాన రైతుకు స్వరాజ్యం అందలేదు. ఎందుకందలేదో తెలియాలంటే చల్లపల్లి దాకా రావాలి.

దివిసీమలో జనానికి తెల్లదొర ఎప్పుడో గానీ కనిపించేవాడు కాదు. కనిపించింది జమీందారు దివాణం. 1802 నాటి శాశ్వత పైసలా ప్రకారం జమీందారు సర్కారుకు పేష్కస్ కట్టి మిగిలింది రైతు దగ్గర పిండుకునేవాడు. యార్లగడ్డవారి చల్లపల్లి ఎస్టేటు మా లంకల మీద పెత్తనం చేసింది. అందుకే ఇక్కడ స్వరాజ్యమంటే దివాణం అడిగే బాకీ పోవడం. బందరు వకీళ్లు మొదట్లో ఈ సంగతి పట్టించుకోలేదని నా ఫిర్యాదు. పట్టించుకున్న కాంగ్రెస్‌వాడు ఘంటసాల గొట్టిపాటి బ్రహ్మయ్య. జమీన్ రైతులను కూడగట్టి, ఖద్దరుతోపాటు కౌలు మాట కూడా ఎత్తాడు. 1920ల చివర కృష్ణా గోదావరి డెల్టాల్లో రీసెటిల్మెంటు పేరుతో రూపాయికి మూడణాలు శిస్తు పెంచబోతే ఊరూరా సభలు జరిగాయి. 1937-38లో ఎన్.జి. రంగా నాయకత్వాన రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా నడిచారు. టంగుటూరి ప్రకాశం కమిటీ భూమికి యజమాని రైతేనని 1938లో తేల్చి చెప్పింది. మరుసటి ఏడే మద్రాసు కాంగ్రెస్ మంత్రివర్గం దిగిపోయి ఆ నివేదిక అటకెక్కింది. చల్లపల్లి పక్కన మంగళాపురంలో పుట్టిన చండ్ర రాజేశ్వరరావు, ఆయన సహచరులు ఆ కోపాన్ని ఎర్రజెండా కిందికి తెచ్చారు. రైతును నడిపింది కాంగ్రెస్‌వాళ్లా కమ్యూనిస్టులా అని చరిత్రకారులు తగవుపడతారు. రైతు ఇద్దరి సభలకూ వెళ్లాడు, ఇద్దరి తరఫునా జైళ్లలో ఉన్నాడు.

1942లో ఏటికి ఆవల తెనాలిలో ఆగస్టు 12న పోలీసు కాల్పులకు ఏడుగురు బలయ్యారు. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు క్విట్ ఇండియాలో దిగి బళ్లారి అల్లీపురం జైలుకు పోయాడు. ఇక దివాణాల సంగతి: మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది. చట్టం వచ్చాక కూడా చల్లపల్లి భూముల మీద పోరాటాలు ఆగలేదు.

మోపిదేవి దాటాక పులిగడ్డ దగ్గర నది చీలి దివిని రెండు చేతులతో పట్టుకుంటుంది. అక్కణ్నుంచి అవనిగడ్డ, ఆపైన నాగాయలంక. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఈ సీమలో వేలమంది పోయారు. దాని గురించి ఇక్కడ రెండు మాటల్లో రాయలేను, రాయను. నాగాయలంక రేవులో పడవ సిద్ధంగా ఉంటుంది. సంగమం చూడాలంటే హంసలదీవికి పోవాలి. నేను పోవడంలేదు. నా మాట ఇక్కడి కాలువ చివర తూము దగ్గరే ఉంది.

ఎగువన ఆనకట్ట మీద ఆనకట్ట కట్టుకుంటూ వచ్చాం. వేసవిలో బెజవాడ ప్రకాశం బ్యారేజీ దిగువకు నీళ్లు రాకపోతే సముద్రపు పోటు నదిలోకి ఎగదన్నుకొస్తుంది. చెరువులు ఉప్పగిల్లుతాయి, బోర్లు ఉప్పగిల్లుతాయి. కాలువ నీళ్లు ఆలస్యమైతే శివారు రైతు నారు ఎండబెట్టుకుని మళ్లీ విత్తనాలు కొంటాడు. రెండేళ్లు అలా దెబ్బతిన్నవాడు పొలాన్ని రొయ్యల చెరువుకు లీజుకిస్తాడు. ఆ చెరువు ఉప్పునీరు పక్క పొలంలోకి ఊరి పక్కవాణ్ణి కూడా అదే దారికి తోస్తుంది. ఏ తీరువా మీద ఈ డెల్టా రైతులు ఒక్కటయ్యారో ఆ లెక్కలోనే ఇంకో ముక్క ఉంది: తీరువా అడిగేవాడు నీళ్లిచ్చి అడగాలి. స్వతంత్ర ప్రభుత్వాలు ఆ ముక్క చదవలేదు. శివారు భూములకు నీళ్లు ముందు చేర్చి ఆ తర్వాతే ఎగువకు వంతులు కట్టాలి. సంగమం దాకా ఏడాది పొడవునా నదిలో కొంత మంచినీరు పారేలా బ్యారేజీ నుంచి వదలాలి. వరి పొలాల మధ్య కొత్త రొయ్యల చెరువులకు అనుమతులు ఆపాలి. నాగాయలంక, కోడూరు రైతులు కాలువ గట్ల మీద కూర్చుని అడుగుతున్నవి ఇవే.