జూలియస్ హిర్ష్ రాజీనామా

1933వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన, జర్మనీలోని కార్ల్స్‌రూహె నగరమున, జూలియస్ హిర్ష్ అను యూదుడు వార్తాపత్రిక చదువుచుండగా ఒక ప్రకటన కంటబడెను. దక్షిణ జర్మనీలోని ప్రముఖ ఫుట్‌బాల్ క్లబ్బులు యూదులను తమలోనుండి తొలగింప నిశ్చయించినవి. వానిలో అతని క్లబ్బును ఒకటి. 1902 మొదలుకొని, అనగా పదేండ్ల ప్రాయమునుండి, అతడు దానియందు సభ్యుడు. పొమ్మనిపించుకొనుటకు మనసొప్పక, ఆనాడే తానై రాజీనామా వ్రాసి పంపెను.

ఇతడు సామాన్యుడైన ఆటగాడు కాడు. ఆ క్లబ్బు 1910లో జర్మనీ విజేతగా నిలిచినప్పుడు అందాడినవాడు. 1912 మార్చి 24న నెదర్లాండ్స్‌తో జరిగిన పోటీలో తానొక్కడే నాలుగు గోల్స్ చేసెను. ఆట 5–5గా ముగిసెను. ఆ యేటనే స్టాక్‌హోమ్ ఒలింపిక్ క్రీడలకు వెళ్లెను. 1914లో ఫ్యూర్త్ నగరపు జట్టులో నుండి మరల దేశవిజేత యయ్యెను. పిమ్మట యుద్ధము. నాలుగేండ్లు సైన్యమున పనిచేసి ఇనుప శిలువ పతకమును పొందెను. అతని సోదరుడు లియోపోల్డ్ 1918లో యుద్ధమునందే కూలెను.

ఆ రాజీనామా జాబులో హిర్ష్ తన దుఃఖమును తెలిపి ఊరకుండలేదు. ద్వేషింపబడు యూదులలోను దేశభక్తులు గలరనియు, వారు దానిని నెత్తురుతో నిరూపించిరనియు మర్యాదగా జ్ఞాపకము చేసెను. మమ్ము మిక్కిలి బాధించునది ఈ వాక్యమే. బంతి తన్నుటకు వచ్చిన మనుష్యుడు, అన్నదమ్ముల మరణమును రసీదువలె ఎందులకు చూపవలెను? క్రీడాధర్మమను మాటను ఇంగ్లీషు పాఠములలో మేమెన్ని మారులో బాలురకు వివరించితిమి. ఆ మాటను నిత్యము పలుకు పెద్దమనుష్యులే ఆ ప్రకటనపై నిలిచిరి.

అంతకన్న చింతింపదగినది మరియొకటి. క్లబ్బులు యూదులను వెడలగొట్టవలెనని నిర్బంధించు శాసనము ఆనాటికి లేదు. హిట్లరు అధికారమునకు వచ్చి పదివారములు మాత్రమే యయ్యెను. అడుగకమునుపే వీరు సమర్పించుకొనిరి. సంస్కృతమున బహిష్కారమందుము, తెలుగున వెలియందుము. రెండిటను 'వెలుపల' అను అర్థమే కలదు. వెలివేయువారు రాజాజ్ఞకై కాచుకొనియుండరని మన పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

తరువాత హిర్ష్ యూదుల క్లబ్బులో శిక్షకుడుగా నుండెను. 1939లో ఒక క్రీడాపత్రిక జాతీయ ఆటగాండ్ర చిత్రసంపుటమును ప్రచురించినప్పుడు, అతని చిత్రమును, 1912లో రష్యాపై పది గోల్స్ చేసిన యూదుడగు గాట్‌ఫ్రీడ్ ఫుక్స్ చిత్రమును అందు చేర్చలేదు. ఆ పత్రికను 1920లో స్థాపించినవాడు వాల్టర్ బెన్సెమన్, అతడును యూదుడే! ఫుక్స్ దేశము విడిచి తుదకు కెనడా చేరెను. హిర్ష్ నిలిచిపోయెను. బిడ్డలకు కొంత రక్షణ కలుగునేమోయని, యూదుకాని తన భార్యతో వివాహబంధమును సైతము తెంచుకొనెను. 2005 మొదలుకొని జర్మను ఫుట్‌బాల్ సమాఖ్య అతని పేర నొక బహుమతి నిచ్చుచున్నది.

1943 మార్చి 1న అతనిని కార్ల్స్‌రూహె నుండి ఆష్విట్జ్ శిబిరమునకు రైలెక్కించిరి. దారిలో, డార్ట్‌మండ్ నుండి, కుమార్తె పదునైదవ జన్మదినమునకు ఒక కార్డు పంపెను. దానిపై మార్చి 3వ తేదీ ముద్ర కలదు. ఆపై అతని జాడ లేదు. 1950లో న్యాయస్థానము అతడు మృతుడని ప్రకటించి, మరణదినము తెలియనందున, 1945 మే 8వ తేదీని కాగితముపై వ్రాసికొనెను.