గూట్లో కేకు

మా అమ్మకి ఎనభై ఆరేళ్ళు. ఈ మధ్య అన్నం సహించడం మానేసింది. చారన్నం కలిపి పెడితే నాలుగు ముద్దలు తింటుంది, అదీ నా మొహం చూసి. "ఏం తినాలని వుందో చెప్పమ్మా, చేసిపెడతాను" అని రోజూ అడుగుతూనే వున్నాను. దిబ్బరొట్టె అంటుందేమో, మాడుగుల హల్వా తెప్పించమంటుందేమో అనుకుంటున్నాను. కార్తీకమాసంలో ఒకనాటి సాయంకాలం ఆవిడ మెల్లిగా యిలా అన్నది:

"మీ నాన్నగారు విశాఖపట్నం నుంచి నల్లటి కేకు తెచ్చేవారే, మధ్యలో తెల్లగా మెత్తగా... అది చెయ్యగలవుటే? గుడ్డు మాత్రం వెయ్యకు సుమా!"

నేను నిర్ఘాంతపోయాను. ఎందుకో తెలియాలంటే 1970 ప్రాంతపు మా యింటి సంగతి చెప్పాలి.

నాన్నగారు నర్సీపట్నంలో ఒక ఆఫీసులో గుమాస్తా. లెక్కలు అప్పగించడానికి మూడు నెలలకోసారి విశాఖపట్నం వెళ్ళేవారు. తిరుగు ప్రయాణంలో నర్సీపట్నం రోడ్ స్టేషనులో దిగి బస్సెక్కాలి. పేరుకి మా వూరి స్టేషనే గాని, ఊళ్ళోకి రైలు రాదు. అన్ని కుదుపులూ పడి, రాత్రి తొమ్మిదింటికి ఆయన సంచీలోంచి నూనె కాగితంలో చుట్టిన నాలుగు కేకు ముక్కలు బయటికి వచ్చేవి. పైనా కిందా నల్లటి చాక్లెట్ కేకు, మధ్యలో వేలెడు మందాన తెల్లటి మీగడలాంటిది.

అందులో కోడిగుడ్డు వుంటుందని అమ్మకి తెలుసు. కనక అది గడప దాటి లోపలికి రాకూడదు. నేనూ, తమ్ముడూ వీధి అరుగుమీద కూచుని చెరో ముక్కా తినేవాళ్ళం. మిగిలిన రెండూ అరుగు పక్కన దీపం గూట్లో, రేకు డబ్బా మూత కింద, మర్నాటికి. తెల్లవారి చూస్తే ఎప్పుడూ ఒక ముక్కకి ఒక మూల లేకపోయేది. వాడే తిన్నాడని నేను, నేనే తిన్నానని వాడు, జుట్లు పట్టుకునేవాళ్ళం. "ఎలకేమోనర్రా" అని అమ్మ విడదీసేది. ఆ అమ్మ, దాన్ని ముట్టుకున్న చేత్తో మంచినీళ్ళ బిందె తాకనివ్వని అమ్మ, యివాళ ఆ కేకు అడుగుతున్నది!

కొని తేవచ్చు కదా అంటారేమో. ఇప్పుడు మా ఊళ్ళో బేకరీలకేం కొదవ? ఒక కూల్ కేకు తెచ్చాను కూడా. చెంచాడు నోట్లో పెట్టుకుని, "చల్లగా వుంది" అని పక్కన పెట్టేసింది. అంతే.

సరే, నేనే నడుం బిగించాను. మొదటిసారి కోకో పొడి అనుకుని పాలల్లో కలుపుకునే చాక్లెట్ పొడి తెచ్చాను. అందులో సగానికి పైగా పంచదారే. కేకు తీపెక్కి, రంగు మట్టి రంగుకి తిరిగింది. రెండోసారి అసలు కోకో దొరికింది. ఈ కోకో ఎక్కడిదో అనుకునేరు! ఏలూరు, గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో, చెట్ల నీడన కాస్తుంది. దేశంలో ఎక్కువగా పండించేది మన ఆంధ్రులే. నేను ముప్ఫై ఏళ్ళుగా రాజమండ్రి వెళ్తూ వస్తూ ఆ చెట్లు చూసి యేవో పనసజాతివి కాబోలు అనుకునేదాన్ని.

గుడ్డు లేని లోటు పుల్లమజ్జిగ తీర్చింది. ఒకటిన్నర కప్పు మైదా, కప్పు పంచదార, పావు కప్పు కోకో, చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు జల్లించి, అందులో కప్పు మజ్జిగ, పావు కప్పుకి కాస్త పైన నూనె, కాస్త వెనిలా. మజ్జిగ పులుపుకి సోడా పొంగుతుంది కనక కలిపిన వెంటనే పొయ్యి ఎక్కించాలి. పాత కుక్కరులో ఇసక పోసి, మూతకి రబ్బరూ, వెయిటూ తీసేసి, సన్నసెగన ముప్పావు గంట. మూడోసారికి మధ్యలో పుల్ల గుచ్చితే పొడిగా వచ్చింది.

తంటా అంతా లోపలి తెలుపుతోనే. ఇంటి వెన్నలో పంచదార గిలక్కొట్టాను. రుచికి వంక లేదు గాని అరగంటకల్లా జారిపోయింది. మైదాని పాలల్లో ఉడికించి, చల్లార్చి, వెన్నతో కలిపి గిలక్కొట్టాను. నురగలా తేలిగ్గా వచ్చింది. అయినా అది కాదు. హైదరాబాదులో వున్న తమ్ముడికి ఫోను చేశాను.

"అక్కా, అది అంగిట్లో మైనంలా అంటుకునేది కాదుటే? వేడి పాలు తాగితేగాని వదిలేది కాదు" అన్నాడు.

అప్పుడు వెలిగింది. డాల్డా! వెన్న నోటి వేడికే కరుగుతుంది. డాల్డా అంత తొందరగా కరగదు. అందుకే ఆ కేకు అంత రైలు ప్రయాణం చేసినా కారిపోయేది కాదు. యాభై ఏళ్ళుగా నేను కలవరించిన అమృతం, కొబ్బరిచెట్టు బొమ్మ పసుపు డబ్బాలోదన్నమాట! జన్మలో డాల్డా గుమ్మం తొక్కనివ్వని అమ్మకి అది చెప్పడమెలాగు? పైగా ఆ రోజుల వనస్పతిలో గుండెకి చేటుచేసే ట్రాన్స్ కొవ్వు మెండు. 2022 జనవరి నుంచి దాన్ని 2 శాతానికి మించనివ్వడం లేదు. కాబట్టి యిప్పటి డబ్బా అప్పటిది కాదు. సగం వెన్న, సగం వనస్పతి, ఉడికించిన పాలముద్ద, మెత్తగా పొడిచేసి జల్లించిన పంచదార వేశాను.

డిసెంబరులో, లంబసింగి చలి మా దాకా దిగిన ఒక సాయంకాలం, తెలుపు కొండలా నిలబడింది. ముక్క కోసి అమ్మకి యిచ్చాను. డాల్డా మాట ఎత్తలేదు. ఆవిడ కళ్ళు మూసుకుని నమిలింది. మొత్తం తిన్నది. రెండు నెలల్లో పళ్ళెం ఖాళీ కావడం అదే మొదటిసారి.

"బాగుందా అమ్మా?"

"బాగుంది. కాని పంచదార పలుకు పళ్ళకి తగలడం లేదేమే?"

నిజమే! ఆ తెలుపులో పంచదార కరకరలాడేది. నేను మరిచేపోయాను. తమ్ముడూ చెప్పలేదు.

"నీకెలా తెలుసమ్మా?" అన్నాను.

అమ్మ గోడమీద నాన్నగారి ఫోటో వైపు ఒకసారి చూసింది. తర్వాత పళ్ళెం నా వైపు జరిపి, "మీ తమ్ముడికి ఫోను చేసినప్పుడు, ఎలకని నేనేనని చెప్పు. పాపం, వాణ్ణి అనవసరంగా కొట్టావు. ఇంకో ముక్క పెట్టు" అన్నది.