నాగలి పోయింది, కంచం మాత్రం అలాగే ఉంది

ఈసారి రాసేది విత్తనం గురించి కాదు, ఎరువు గురించి కాదు, ధాన్యం రేటు గురించి అసలే కాదు. మన పొట్ట గురించి, దాని పైనున్న గుండె గురించి. కాస్త పెద్ద పోస్టే. తీరిక చూసుకుని చదవండి, ఇంట్లో ఆడవాళ్ళకి కూడా చదివి వినిపించండి.

మన ఊళ్ళలో ఒక ధీమా ఉంది. "గుండెపోట్లు, షుగర్లు పట్నంలో ఏసీ గదుల్లో కూర్చునేవాళ్ళకి గానీ, మట్టిలో బతికే మనకెందుకొస్తాయండీ?" అంటాం. ఎవరికైనా పొట్ట ముందుకొస్తే "కాస్త ఒళ్ళు చేశాడు, కలిసొచ్చినట్టుంది" అని సంతోషిస్తాం. ఆ ధీమా ఎప్పుడో కాలం చెల్లిపోయింది.

2003-04 ప్రాంతంలో మన ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళు తీసుకుని ఒక పెద్ద పరిశీలన చేశారు. దాదాపు 1,80,000 మంది జనాభా. ఏడాది కాలంలో ఆ ఊళ్ళలో ఎవరెవరు పోయారు, ఎందుకు పోయారు అని చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళని అడిగి రాసుకున్నారు. 2006లో ఆ వివరాలు అచ్చయ్యాయి. అన్నిటికన్నా పెద్ద వాటా గుండె, రక్తనాళాల జబ్బులదే. పక్షవాతం కూడా కలుపుకుని మొత్తం చావుల్లో దాదాపు మూడో వంతు. అవి పట్నాలు కావండీ. మన కాలవ గట్ల మీది పల్లెటూళ్ళు. అది కూడా ఇరవై ఏళ్ళ కిందటి మాట.

ఎందుకిలా అయింది? నాకు తెలిసిన లెక్క ఒకటి చెబుతాను, మీరూ కాగితం మీద వేసి చూసుకోండి.

ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. నాగలితో జానెడు ఎడంలో, అంటే సుమారు 22 సెంటీమీటర్లకి ఒక చాలు చొప్పున దున్నుతున్నాం అనుకోండి. ఎకరం ఒక్కసారి దున్నడానికి ఎద్దుల వెనక నడవాల్సిన దూరం 18 కిలోమీటర్ల పైనే వస్తుంది. ఇది ఒక్క చాలుకే. తర్వాత అడ్డచాలు, దమ్ము, తోలకం, మోత, కోత, కట్టివేత, నూర్పు అన్నీ ఉన్నాయి. మన నాన్నలు, తాతలు ఎకరాకి ఎన్ని కిలోమీటర్లు నడిచారో మీరే ఊహించుకోండి. అదీ చదును రోడ్డు మీద కాదు, మోకాటి లోతు బురదలో.

ఇప్పుడు? ట్రాక్టరు సీట్లో కూర్చుని దమ్ము. కోత మిషన్ వచ్చి పూటలో కోసి, నూర్చి ట్రక్కులో పోసి వెళ్తుంది. మందు కొట్టడానికి డ్రోన్ వస్తోంది. చేలోకి బండి మీద వెళ్తాం, గట్టు మీద బండి ఆపి, నీళ్ళు ఉన్నాయో లేదో దాని మీద నుంచే చూసి వచ్చేస్తాం. యంత్రాలు వద్దని నేననను. నడుములు విరిగేలా చేసిన ఆ చాకిరీ మళ్ళీ రావాలని ఎవరూ కోరుకోరు. కానీ పని సగానికి సగం తగ్గినప్పుడు కంచంలో కూడా ఏదో ఒకటి మారాలి కదా? అదే మారలేదు.

కూర్చుని చేసే పనికీ, కదిలి చేసే పనికీ గుండె విషయంలో తేడా ఉందని లోకానికి మొదట గట్టిగా చూపించింది లండన్ సిటీ బస్సులు. జెర్రీ మోరిస్ అనే డాక్టరుగారు అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల డ్రైవర్లనీ, కండక్టర్లనీ పోల్చి చూశారు. అదే బస్సు, అదే ఊరు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు టిక్కెట్లు కొడుతూ మెట్లెక్కుతూ దిగుతూ ఉంటాడు. డ్రైవర్లకంటే కండక్టర్లకి గుండె జబ్బులు తక్కువని 1953లో ప్రచురించారు. మన విషయానికొస్తే, మన నాన్నలు కండక్టర్లు, మనం డ్రైవర్లం. ఒకే చేను, ఒకే పంట, సీటు మాత్రం మారింది.

ఇక కంచం లెక్క. మన హైదరాబాద్ తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఎవరికి ఎంత తిండి కావాలో దేశానికంతా చెప్పేది వాళ్ళే. 2020 లెక్కల ప్రకారం 65 కిలోల మగమనిషి బరువు పనులు చేస్తే రోజుకి సుమారు 3,470 క్యాలరీలు కావాలి. కూర్చుని చేసే పనైతే 2,110 చాలు. తేడా 1,360. వంద గ్రాముల బియ్యానికి సుమారు 350 క్యాలరీలు వేసుకుంటే, ఆ తేడా దాదాపు 390 గ్రాముల బియ్యం. అంటే నాగలి పట్టిన మనిషి తిన్నంత అన్నం ట్రాక్టరు మీద కూర్చున్న మనిషి తింటే, రోజూ అంత బియ్యానికి సరిపడా బరువు ఒంట్లోకి అదనంగా దిగుతోందన్నమాట. అది ఎక్కడికి పోతుంది? నడుము చుట్టూ చేరుతుంది.

మన భాషలో చెప్పుకుందాం. పైరు దశ చూసి యూరియా వేస్తాం కదా. అవసరం లేనప్పుడు కూడా వేస్తూ పోతే ఏమవుతుంది? పైరు నల్లగా, గుబురుగా, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. తర్వాత సుడిదోమ పడుతుంది, చిన్న గాలికే పడిపోతుంది. పొట్టేసిన మనిషిని చూసి "నిక్షేపంలా ఉన్నాడు" అనడం కూడా అంతే. నిజంగా ఒళ్ళు వంచి పనిచేసే రోజున కడుపు నిండా తినండి. మోటారు వేసి ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చున్న రోజున కూడా అంతే తినకండి.

నా చేను పక్క రైతు సంగతి చెప్పాలి. పేరు వద్దు. 48 ఏళ్ళు. తాగుడు లేదు, చుట్ట లేదు. పొట్ట కాస్త ముందుకి ఉండేది, అంతే. ఊళ్ళో మెడికల్ క్యాంపు పెట్టినప్పుడు బీపీ ఎక్కువ ఉందన్నారు. నెల రోజులు బిళ్ళలు వేసుకున్నాడు. మళ్ళీ చూపిస్తే నార్మల్ వచ్చింది. "తగ్గిపోయిందిగా" అని మానేశాడు. పోయిన దాళ్వా దమ్ముల్లో ఒకరోజు సాయంత్రం గుండెల మీద బరువు పెట్టినట్టుందని, ఎడం దవడ లాగుతోందని ఇంట్లో చెప్పాడట. గ్యాస్ అనుకుని సోడా తాగి, జీలకర్ర నమిలి పడుకున్నాడు. తెల్లారి లేవలేదు. వాళ్ళావిడ ఇప్పుడు చేను కౌలుకిచ్చేసింది. పిల్ల డిగ్రీ రెండో ఏడు. ట్రాక్టరు వాయిదాలు ఇంకా ఉన్నాయి. మనిషి పోతే పోయేది మనిషొక్కడే కాదండీ.

ఆయన కథలో బీపీ బిళ్ళ దగ్గర ఆగండి. బిళ్ళ వేసుకుంటే బీపీ నార్మల్ వచ్చిందంటే జబ్బు పోయిందని కాదు, బిళ్ళ పనిచేస్తోందని. డాక్టరు చెప్పకుండా ఎప్పుడూ మానకూడదు. ట్రాక్టరు బాగానే నడుస్తోందని ఇంజను ఆయిల్ మార్చడం మానేస్తామా? గంటల మీటరు చూసి మరీ మారుస్తాం. మన ఒంటికి మీటరు బయటికి కనిపించదు. అందుకే కొలిపించుకోవాలి. 140/90 గానీ, ఆ పైన గానీ మళ్ళీ మళ్ళీ వస్తుంటే అది బీపీయే. 30 దాటినవాళ్ళకి బీపీ, షుగర్ పరీక్షలు ఊళ్ళోనే ప్రభుత్వం ఉచితంగా చేయిస్తోంది. ఆశా కార్యకర్త వచ్చి పిలిస్తే "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అని పంపించేయకండి.

ఇంకో కొలత మన చేతిలోనే ఉంది. టేపు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ మధ్యలో, గాలి బిగబట్టకుండా, చుట్టూ కొలవండి. మనవాళ్ళకి మగవాళ్ళకైతే 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకైతే 80 దాటకూడదు. అంటే సుమారు ముప్పై అయిదున్నర అంగుళాలు, ముప్పై ఒకటిన్నర అంగుళాలు. ప్యాంటు వేసేవాడికి నడుము పెరిగితే గుండీ చెబుతుంది. మనం కట్టేది లుంగీ. లుంగీ ఎప్పుడూ బిగుతవదు, పొట్ట కింద ఇంకాస్త దించి కట్టుకుంటాం, అంతే. అందుకే మనకి తెలియదు. చేతులూ కాళ్ళూ సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ఉన్నవాళ్ళు కూడా "నేను లావు కాదుగా" అనుకోవద్దు. ప్రమాదం ఆ పొట్టలోని కొవ్వుతోనే.

మరి ఏం చేయాలి? ఖరీదైన పొడులు, డబ్బాలు ఏమీ అక్కర్లేదు. సరుకుల చీటీ తీయండి.

నూనె. పోషకాహార సంస్థ 2024లో చెప్పిన కంచంలో 2,000 క్యాలరీల తిండికి నూనె, నెయ్యి అన్నీ కలిపి రోజుకి మనిషికి 27 గ్రాములు. నెలకి 810 గ్రాములు. నలుగురున్న ఇంటికి మూడున్నర లీటర్లకి మించకూడదు. మీ ఇంటికి నెలకి ఎన్ని ప్యాకెట్లు వస్తున్నాయో లెక్కపెట్టండి. చేపలు మనకి కొదవ లేదు, మంచి తిండే. కానీ వేపుడు తగ్గించి పులుసు పెట్టుకోండి. ఒకసారి బూరెలో, బజ్జీలో వేయించిన నూనెని మళ్ళీ మళ్ళీ కాచకండి.

ఉప్పు. రోజుకి మనిషికి 5 గ్రాముల లోపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నలుగురికి నెలకి 600 గ్రాములు. అందులో కూరలో ఉప్పు ఒక్కటే కాదు, ఆవకాయ, అప్పడం, వడియం, చల్ల మిరపకాయ, ఎండుచేప అన్నీ కలిపే. ఆవకాయ మానమంటే నాకే బాధ. మానక్కర్లేదు. ముద్దలో ఎర్రగా కలుపుకునే బదులు కంచం పక్కన కాస్త నంజుకోండి. మజ్జిగన్నంలో మళ్ళీ ఉప్పు వేయకండి.

చక్కెర. చేలో పనికి మజ్జిగ బిందె వెళ్ళే రోజులు పోయి కూల్‌డ్రింకు సీసాలు వెళ్తున్నాయి. 300 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. టీకి రెండు చెంచాల చొప్పున రోజుకి అయిదు టీలు తాగితే ఇంకో 40, 50 గ్రాములు. మొత్తం రోజుకి 50 దాటకూడదంటున్నారు. మజ్జిగ బిందెని మళ్ళీ బయటికి తీయండి.

కూరగాయలు. అదే సంస్థ రోజుకి మనిషికి 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు తినమంటోంది. తృణధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు. మన కంచంలో ఇది సరిగ్గా తిరగబడి ఉంటుంది, అన్నం గుట్ట, పక్కన చెంచాడు కూర. ఊరికంతా అన్నం పెట్టే మనం కూరగాయలు సంతలో కొనడం ఏమిటండీ? గట్టు మీద కంది, బెండ వేయండి. దొడ్డిలో తోటకూర, గోంగూర, పాదు ఎక్కించడానికి ఆనప, బీర చాలు. అన్నం గరిటె ఒకటి తగ్గించి, కూర గరిటె రెండు పెంచండి. పప్పు, కోడిగుడ్డు తగ్గించొద్దు.

ఇక నడక. వారానికి కనీసం 150 నిమిషాలు, కాస్త ఊపిరి వేగం పెరిగేలా. దానికి పార్కులెందుకు? అయిదెకరాల ముక్క చదరంగా ఉంటే చుట్టూ సుమారు 570 మీటర్లు. మూడు చుట్లు తిరిగితే 1.7 కిలోమీటర్లు. రోజూ పొద్దున్నే బండి రోడ్డు మీదే వదిలేసి, కాళ్ళకి బూట్లు వేసుకుని గట్టు తిరగండి. ఎలుక బొరియ, గండి, పురుగు తిన్న మొవ్వు బండి మీద నుంచి కనబడవు. నడిచినవాడికే కనబడతాయి. ఒంటికీ లాభం, పంటకీ లాభం.

చుట్ట, బీడీ, ఖైనీ గురించి మాత్రం రాజీ లేదు. తగ్గించడం కాదు, మానేయడమే.

ఆడవాళ్ళ గురించి ఒక్క మాట. గుండెపోటు మగవాళ్ళ జబ్బు అనుకోవద్దు. వాళ్ళకి ఒక్కోసారి గుండెలో నొప్పి స్పష్టంగా రాదు. ఆయాసం, చెప్పలేనంత నీరసం, వికారం, వీపులోనో దవడలోనో నొప్పి ఉంటుంది. అందరి తిండీ అయ్యాక మిగిలింది పారేయలేక తినేదీ, ఒంట్లో బాగాలేకపోయినా చెప్పనిదీ వాళ్ళే. టేపు కొలత, బీపీ పరీక్ష మనకంటే ముందు వాళ్ళకి చేయించండి.

చివరిగా ఇది గుర్తుపెట్టుకోండి. గుండెల మీద బరువు, బిగింపు, ఎడం చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమటలు వస్తే అది గ్యాసో కాదో తేల్చాల్సింది మనం కాదు, ఈసీజీ. తెల్లారేదాకా ఆగొద్దు. బండి తనే నడుపుకుంటూ పోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. గుండెకి రక్తం ఆగిన ప్రతి నిమిషం కండ చచ్చిపోతూ ఉంటుంది. ఒట్టి గ్యాసే అని తేలితే నవ్వుకుంటూ ఇంటికొద్దాం, అంతకంటే కావాల్సిందేముంది?

ఈ వారం మూడు పనులు చేయండి. నడుము కొలవండి. బీపీ చూపించుకోండి. నూనె ప్యాకెట్లు లెక్కపెట్టండి. ఎకరాకి ఎన్ని బస్తాలు పండాయో అందరికీ చెప్పుకుంటాం. ఈ మూడు అంకెలు కూడా ఇంట్లోవాళ్ళకి చెప్పండి, ఆ బస్తాలు తినాల్సింది వాళ్ళతో కలిసి మనమే కదా.