పొయ్యి ఉన్న కళ్ళం

స్కాట్లండ్‌కి ఉత్తరాన సముద్రంలో ఆర్క్‌నీ అని కొన్ని దీవులున్నాయి. మేముండే అబర్డీన్ నుంచి ఓడలో ఆరు గంటలు. చెట్లు తక్కువ, గాలి ఎక్కువ. ఎండ సంగతి అడక్కండి! అయినా వందల ఏళ్ళుగా అక్కడి రైతులు 'బేర్' అనే బార్లీ పండిస్తున్నారు. తొందరగా కోతకొచ్చే రకం. కోస్తారు సరే, ఆరబెట్టేదెలా?

దానికోసం వాళ్ళు కట్టుకున్నదాన్ని 2024 వేసవిలో కొరిగల్ వ్యవసాయ మ్యూజియంలో చూశాను. పొడవాటి రాతి కొట్టం, దాని చివర గుండ్రటి రాతి గది. పైకి పోను పోను సన్నబడుతుంది. మన గాదెకి పొగగొట్టం పెట్టినట్టన్నమాట. లోపల కర్రలు అడ్డంగా వేసి, వాటిమీద గడ్డి, గడ్డిమీద గింజలు పరిచేవారు. పొయ్యి సరిగ్గా గింజల కింద ఉండదు. పక్కనుంచి సొరంగంలాంటి దారి ఉంటుంది, మంట దాని మొదట్లోనే ఆగిపోవాలి, వేడిగాలి మాత్రం లోపలికి రావాలి. కట్టెలు దొరకని చోటు కాబట్టి పీట్ అనే బురదమట్టిని గడ్డలుగా కోసి, ఎండబెట్టి, మనం పిడకలు వాడినట్టు వాడేవారు. సెగ కాస్త ఎక్కువైతే గడ్డి అంటుకుంటుంది, ఏడాది తిండి బూడిదైపోతుంది. ఎవరో ఒకరు కనిపెట్టుకుని కూర్చోవాల్సిందే.

కొట్టానికి ఎదురెదురుగా రెండు తలుపులున్నాయి. ఎందుకో నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది. తూర్పారబట్టడానికి! ఒక తలుపులోంచి వచ్చిన గాలి రెండో తలుపులోంచి పొట్టు పట్టుకుపోతుంది.

మాది బాపట్ల దగ్గర పల్లెటూరు. పేడతో అలికిన నేల, పైన సూర్యభగవానుడు, అదే మా కళ్ళం. ఆయన్ని నమ్ముకునే గోడా కట్టలేదు, పొయ్యీ పెట్టలేదు. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. "పనలు నీళ్ళలో ఉండయ్ అమ్మాయ్, మొలకలొచ్చినయ్," అన్నాడు నాన్న ఫోన్లో. దక్కిన వడ్లు తారు రోడ్డు మీద పోశాడు. పగలంతా తిరగేయడం, పొద్దుగూకితే బరకం కప్పడం. తేమ 17 శాతం దాటితే మద్దతు ధరకి కొనరు. గింజ కొరికి తేమ చెప్పగలడు మా నాన్న, కానీ రేటు కట్టేది మిషన్ చూసి.

అందుకే ఆర్క్‌నీ ఫోటోలు నాన్నకి పంపాను. చాలాసేపటికి ఫోన్ చేశాడు.

"గోడ బాగా కట్టారు. కానీ మన వడ్లకి పనికిరాదు. సెగ ఎక్కువ తగిల్తే గింజ పగిలి నూకవుద్ది. వాళ్ళది పిండి కొట్టుకునేది కాబట్టి సరిపోయింది."

ఇంకాసేపాగి అడిగాడు: "ఒకేసారి ఎన్ని బస్తాలు పట్టుద్దంట?"